మీదేవూరు?

తెలుగువాళ్లు ఇద్దరు కొత్తగా కలిస్తే పేరు తర్వాత వచ్చే ప్రశ్న "మీదేవూరు?" అనే. తెనాలి అంటే "తెనాలిలో ఎక్కడ?" అంటారు. మారీసుపేట అంటే "అయితే ఫలానావాళ్లు మీకు తెలిసే ఉండాలే!" అంటారు. ఊరు చెబితే సగం పరిచయం అయిపోయినట్టే. ఏడాదిన్నరగా మాత్రం ఆ ప్రశ్న వినగానే నేనూ మావారూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. మేమిప్పుడు ఉంటున్నది ముప్పై అడుగుల ఆర్వీలో. చక్రాల మీద ఇల్లు. ఇవాళ యూటాలో ఉంటే వచ్చే నెల అరిజోనాలో ఉంటాం.

ఈ సంగతి తెలిసినవాళ్లంతా అడిగేవి ఒకే రకం ప్రశ్నలు. స్నానాలెలా? పోపు పెడితే ఆ ఘాటు ఎటు పోతుంది? కరెంటు ఎక్కడిది? రాత్రిళ్లు భయం వేయదా? వీటన్నిటికీ తేలిగ్గానే జవాబు చెప్పేస్తాను. ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు? బండి ఎంచుకుని కొనడానికి మాకు మూడు వారాలు పట్టింది. హెల్త్ ఇన్సూరెన్స్ తేల్చుకోవడానికి ఏడు నెలలు పట్టింది.

ముందు మా సంగతి రెండు ముక్కల్లో. డాలస్ పక్కన పదమూడేళ్లున్నాం. అమ్మాయి చదువుకని ఫ్లోరిడా వెళ్లింది. మావారు కంపెనీ ఉద్యోగం మానేసి ఇంటి నుంచే కాంట్రాక్టు పనులు చేసుకోవడం మొదలుపెట్టారు. "ఓపిక ఉండగానే దేశం చూద్దామోయ్" అన్నారు. ఆయనకు యాభై దాటాయి, షుగర్ ఉంది, నాలుగేళ్ల క్రితం గుండెకు ఒక స్టెంట్ పడింది. అందుకని నేనొక షరతు పెట్టాను. "ఏ రాష్ట్రంలో ఉన్నా ఆస్పత్రికి వెళ్తే చెల్లే కార్డు చేతిలో పడ్డాకే ఇల్లు అమ్మకానికి పెడదాం" అని. "అదెంతసేపు, ఒక సాయంత్రం పని" అన్నారాయన.

ఆ సాయంత్రమే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్ సైటు తెరిచాం. అది మొట్టమొదట అడిగింది పేరు కాదు, వయసు కాదు, జబ్బులు కాదు. పిన్‌కోడ్ అడిగింది. ఇక్కడ జిప్ కోడ్ అంటారు. అంటే అదీ "మీదేవూరు?" అనే అడిగింది!

అమెరికాలో సొంతంగా కొనుక్కునే ఆరోగ్య బీమా దేశానికంతటికీ ఒకటిగా ఉండదు. రాష్ట్రాన్ని బట్టి, రాష్ట్రంలో కౌంటీని బట్టి ప్లాన్లు మారతాయి, ప్రీమియం మారుతుంది. పాత జబ్బులున్నాయని 2014 నుంచి ఈ ప్లాన్లు ఎవరినీ కాదనడానికి వీల్లేదు. స్టెంటున్న మనిషికి అదే కొండంత అండ. కానీ ఆ అండ ఒక ఊరికి కట్టేసి ఉంటుంది. హెచ్‌ఎంఓ రకం ప్లాన్లలో వాళ్ల నెట్‌వర్కులోని డాక్టర్ల దగ్గరికే వెళ్లాలి, స్పెషలిస్టు కావాలంటే ముందు మన మామూలు డాక్టరు చీటీ రాయాలి. ఈపీఓలో సాధారణంగా చీటీ అక్కర్లేదు గానీ నెట్‌వర్కు దాటితే పైసా రాదు. పీపీఓ అయితే నెట్‌వర్కు బయట కూడా కొంత ఇస్తుంది, మన చేతి నుంచి ఎక్కువ పడుతుంది. మా టెక్సాస్ పిన్‌కోడ్ కొడితే వచ్చినవన్నీ మొదటి రెండు రకాలే.

మా అమ్మాయి గురించి కూడా అప్పుడే ఆలోచన వచ్చింది. పిల్లలు 26 ఏళ్లు నిండేవరకూ అమ్మానాన్నల ప్లాన్‌లో ఉండొచ్చు. ఉండొచ్చు సరే, టెక్సాస్ నెట్‌వర్కుతో ఫ్లోరిడాలో ఆ పిల్లకి చెవిపోటు వస్తే ఏం లాభం? అత్యవసరమైతే తప్ప చెల్లదు. మేం ఇల్లు కదలకపోయినా సరే, మా ఇంట్లో ఒక మనిషి అప్పటికే ఊరు మారిపోయింది.

ఆ వారం అత్తయ్యగారితో ఫోనులో ఈ గోడు వెళ్లబోసుకుంటుంటే పక్కనుంచి మామయ్యగారు అందుకున్నారు. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. "నా కార్డు విజయవాడ రైల్వే ఆస్పత్రిలో చెల్లుతుంది, లాలాగూడలో చెల్లుతుంది, పెరంబూరులోనూ చెల్లుతుంది. అంత పెద్ద దేశంలో అలాంటి కార్డే లేదా అమ్మా?" అన్నారు. "ఉంది మామయ్యగారూ, 65 ఏళ్లు నిండితే ఇస్తారు" అన్నాను. నిజమే. ఒరిజినల్ మెడికేర్ ఉన్నవాళ్లకు దేశంలో ఏ రాష్ట్రమైనా ఒకటే, మెడికేర్ తీసుకునే డాక్టరైతే చాలు. మందులకు వేరే ప్లాన్ కొనుక్కోవాలి, అంతే. అందులోనే మెడికేర్ అడ్వాంటేజ్ అనే రకం తీసుకుంటే మళ్లీ నెట్‌వర్కు గొడవ తప్పదు. ఆర్వీ పార్కుల్లో ఎక్కువమంది తల నెరిసినవాళ్లే కనబడటానికి పెన్షనొక్కటే కాదు, ఈ కార్డు కూడా ఒక కారణమేమో అనిపిస్తుంది నాకు. మాకు ఆ వయసు రావడానికి చాలా ఏళ్లుంది.

ఇంకేం దారులున్నాయని వెతికితే రెండు కంటబడ్డాయి. మొదటిది హెల్త్ షేరింగ్ సంఘాలు. మతవిశ్వాసం పునాదిగా నడిచేవి ఎక్కువ. సభ్యులు నెలనెలా డబ్బు వేసుకుని ఒకరి ఆస్పత్రి ఖర్చును ఇంకొకరు పంచుకుంటారు. నెట్‌వర్కు పట్టింపులు తక్కువ, నెలకు కట్టేదీ తక్కువ. ఆర్వీలవాళ్లలో చాలామంది వీటిలో ఉన్నారు, సంతోషంగానూ ఉన్నారు. అయితే ఇది బీమా కాదు. బిల్లు తప్పక కడతామని చట్టపరమైన హామీ ఉండదు. పాత జబ్బుల మీద ఆంక్షలుంటాయి. రెండోది షార్ట్ టర్మ్ పాలసీలు. అవి అప్లికేషన్‌లోనే ఆరోగ్య చరిత్ర అడుగుతాయి, స్టెంటు అనగానే తలుపు వేసేస్తాయి. జబ్బులేవీ లేని ముప్పై ఏళ్లవాళ్లు వీటి గురించి ఆలోచిస్తే వాళ్లిష్టం. మాకు మాత్రం ఆ రెండు దారులూ మూసుకున్నట్టే. జబ్బు లేనివాడికే దొరికే ఆరోగ్య బీమా, వాన లేనప్పుడే విప్పుకునే గొడుగులాంటిది.

చేతిలో ఉన్నదల్లా కోబ్రా. పేరు వింటే మా అమ్మ ఉలిక్కిపడింది గానీ పాము కాదు, 1985 నాటి చట్టం పేరు. 20 మందికి తక్కువ కాకుండా పనిచేసే కంపెనీలో ఉద్యోగం మానేశాక, అదే గ్రూపు ఇన్సూరెన్సును మామూలుగా 18 నెలలదాకా సొంత డబ్బుతో కొనసాగించుకోవచ్చు. కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం ఖర్చులు. మావారి పాత కంపెనీ ప్లాను దేశమంతా చెల్లే పీపీఓ. నెల ప్రీమియం చూసి ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. డాలస్‌లో ఇంటికి కట్టిన నెలవాయిదాకు దాదాపు సమానం. అయినా నిర్ణయం తీసుకోవడానికి 60 రోజుల గడువే ఉంటుంది, తీసుకున్నాం. నా షరతు తాత్కాలికంగా నెరవేరినట్టే. ఇల్లు అమ్మి, జూన్‌లో బయల్దేరాం. ఈలోగా అసలు జవాబు వెతుక్కోవాలి.

ఆర్వీలవాళ్లు ఈ "ఏవూరు" ప్రశ్నకు ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. తిరిగే మనిషికి కూడా కాగితం మీద ఒక ఊరుండాలి. ఓటుకి, డ్రైవింగ్ లైసెన్సుకి, బండి రిజిస్ట్రేషన్‌కి, పన్నుకి. దాన్ని డొమిసైల్ అంటారు. ఎక్కువమంది ఎంచుకునేవి మూడు రాష్ట్రాలు: టెక్సాస్, సౌత్ డకోటా, ఫ్లోరిడా. మూడింటిలోనూ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. మూడింటిలోనూ మన పేరున ఉత్తరాలు తీసుకుని, మనం ఎక్కడుంటే అక్కడికి పంపే సంస్థలున్నాయి. టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్ కేంద్రంగా ఉన్న, 1978లో మొదలైన ఎస్కేపీస్ అనే ఆర్వీ క్లబ్బు ఈ పనికి బాగా పేరున్నది. సౌత్ డకోటాలో ఒక్క రాత్రి బస చేసిన రసీదు చూపించి లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు మాకు దారిలో బోలెడుమంది తగిలారు.

లైసెన్సుకి, పన్నుకి ఏ రాష్ట్రమైనా బాగానే ఉంది. ఇన్సూరెన్సుకి ఏది బాగుంటుందన్నది వేరే లెక్క. అది నాకు అక్టోబరులో, యూటాలోని మోయాబ్ దగ్గర క్యాంప్‌గ్రౌండ్ లాండ్రీలో బోధపడింది.

అక్కడ బట్టలు ఆరేదాకా కూర్చున్న ఒకామెతో మాటల్లో పడ్డాను. యాభై అయిదేళ్లుంటాయి. వాళ్ల డొమిసైల్ సౌత్ డకోటా. రెండేళ్ల క్రితం చలికాలం అరిజోనాలో ఉండగా ఆమె రొమ్ములో గడ్డ కనిపించిందట. పరీక్షలయ్యాయి, క్యాన్సరని తేలింది. "వెంటనే చికిత్స మొదలుపెట్టాలి" అన్నారు. వెంటనే అంటే వైద్యానికి తొందర గానీ, బీమా లెక్కలో అది ఎమర్జెన్సీ కాదు. ఆపరేషను, కీమో, రేడియేషను, అన్నీ ముందుగా తేదీలు వేసుకుని చేసేవి. ఆమె ప్లాను నెట్‌వర్కంతా సౌత్ డకోటాలో ఉంది. జనవరి నెలలో బండి తీసుకుని అక్కడికి వెళ్లారు. ఆ చలికి ఆర్వీలో నీళ్ల పైపులు గడ్డకట్టుకుపోతాయి. అందుకని ఒక చిన్న అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుని, తెలిసినవాళ్లు ఒక్కరు లేని ఊళ్లో ఎనిమిది నెలలున్నారు. "డాక్టర్లు చాలా మంచివాళ్లు. కానీ నేను ఆ ఊళ్లో అంతకుముందు ఉన్నది ఒక్క రాత్రి" అందామె, తువ్వాళ్లు మడతపెడుతూ. ఆమె మొహంలో కోపం లేదు. ఇప్పుడు బాగానే ఉంది.

ఆ రాత్రి మావారితో అన్నాను, "ఏమండీ, మనం ఇన్నాళ్లూ దేశమంతా చెల్లే కార్డు కోసం వెతుకుతున్నాం. అదొక్కటే కాదు. పెద్ద జబ్బు చేస్తే నెలల తరబడి ఏ ఊళ్లో పడుకుంటాం? ముందు అది తేల్చుకుందాం." ఆయన కాసేపు ఊరుకుని, "అమ్మాయి ఉన్న ఊళ్లో" అన్నారు. నేను కూడా అదే అనుకున్నాను. ఏడు నెలల్లో మా ఇద్దరికీ వెతక్కుండా దొరికిన జవాబు అదొక్కటే.

అలా ఫ్లోరిడా తేలింది. అమ్మాయి కాలేజీకి గంటన్నర దూరంలో గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరుంది, ఆర్వీలవాళ్లకూ పడవల్లో తిరిగేవాళ్లకూ ఉత్తరాల సేవతో బాగా తెలిసిన ఊరు. కౌంటీ క్లర్కు దగ్గర "ఇదే మా స్థిరనివాసం" అని డిక్లరేషన్ ఇచ్చాం, లైసెన్సులు మార్చుకున్నాం. మార్కెట్‌ప్లేస్ చట్టం అడిగేది సొంత ఇల్లు కాదు, అక్కడ నివసించాలన్న ఉద్దేశం. మాకు ఆ ఉద్దేశం నిజంగానే ఉంది. పండక్కీ పబ్బానికీ మేం చేరేది ఆ పిల్ల దగ్గరికే.

ఇక ప్లాను. బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ అనే పేరుతో ఒక్కో రాష్ట్రంలో ఒక్కో కంపెనీ ఉంటుంది. వాటి మధ్య బ్లూకార్డ్ అనే ఏర్పాటుంది. ఒక రాష్ట్రంలో కార్డున్నవాళ్లు ఇంకో రాష్ట్రానికి వెళ్తే అక్కడి బ్లూ నెట్‌వర్కును వాడుకోవచ్చు. ఈ సౌకర్యం అన్ని ప్లాన్లకూ ఉండదు. గుర్తు ఏమిటంటే, కార్డు మీద చిన్న సూట్‌కేసు బొమ్మ ఉంటుంది. ఆ సూట్‌కేసు లోపల పీపీఓ అని రాసుందా, ఖాళీగా ఉందా చూసుకోవాలి. ఖాళీ పెట్టె పట్టుకుని ప్రయాణం చేస్తే ఎంత లాభమో ఇదీ అంతే! ఫ్లోరిడాలో సొంతంగా కొనుక్కునేవాళ్లకు కూడా వేరే రాష్ట్రాల్లో పనికొచ్చే ప్లాన్లు కొన్ని దొరుకుతాయి కాబట్టే ఆర్వీలవాళ్ల నోట ఆ రాష్ట్రం పేరు అన్నిసార్లు వినబడుతుంది. ప్లాన్లు ఏటేటా మారతాయి గనక, కొనేముందు ఆ ఏటి కాగితాలు చదివి, ఫోను చేసి అడిగి మరీ తీసుకున్నాం.

ఎప్పుడు మారాలన్నది కూడా లెక్కే. కోబ్రాను మధ్యలో మనంతట మనం మానేస్తే, అదొక్కటే కారణంగా మార్కెట్‌ప్లేస్ తలుపు తెరుచుకోదు. నవంబరు 1న అందరికీ తెరుస్తారు, డిసెంబరు 15లోగా చేరితే జనవరి 1 నుంచి కొత్త కార్డు. రాష్ట్రం మారినవాళ్లకు 60 రోజుల ప్రత్యేక గడువు ఉంటుంది గానీ, దానికి అంతకుముందు కూడా బీమా ఉన్నట్టు చూపించాలి. పైగా డిడక్టిబుల్, అంటే బీమా కట్టడం మొదలుపెట్టేముందు మనం పెట్టుకోవాల్సిన ఖర్చు, ఏడాది మధ్యలో ప్లాను మారితే మళ్లీ సున్నా నుంచి లెక్క. అందుకని జనవరి 1నే మారాం.

ఆ కార్డుకి మొన్న సెప్టెంబరులో పరీక్ష జరిగింది. న్యూ మెక్సికోలో ఐ-40 పక్కన ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో ఉన్నాం. అక్కడ ఆ నెలలో వీధి వీధిలో పచ్చిమిరపకాయలు కాలుస్తారు. హాచ్ మిరపకాయలు. ఆ వాసనకి గుంటూరు గుర్తొచ్చి మావారు ఒక సంచీడు తెచ్చారు, పచ్చడి నూరించుకుని తిన్నారు. రాత్రి ఒంటిగంటకి ఛాతీలో నొప్పి, చెమటలు. స్టెంటున్న మనిషి. 911కి ఫోను చేశాను. ఆంబులెన్సు వచ్చి దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఈసీజీ, రక్తపరీక్షలు, తెల్లవార్లూ అక్కడే. గుండె క్షేమం. ఎసిడిటీ.

ఆ రాత్రి ఎమర్జెన్సీ గది బయట కూర్చుని నేను నెట్‌వర్కు గురించి ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని లేదని ముందే తెలుసు. ఎమర్జెన్సీకి ఏ ఆస్పత్రికి వెళ్లినా నెట్‌వర్కులో ఉన్నట్టే లెక్క కట్టాలి, మిగతాది ఆస్పత్రి మన దగ్గర గుంజకూడదు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం అదే చెబుతుంది. చివరికి గ్యాసని తేలినా ఫరవాలేదు. మామూలు మనిషికి ఆ నొప్పి ప్రాణం మీదికి వచ్చిందని అనిపించేలా ఉందా లేదా అన్నదే చూడాలి తప్ప, తర్వాత తేలిన జబ్బును బట్టి కాదనకూడదు. పరిస్థితి నిలకడకు వచ్చాక కొనసాగే వైద్యానికి మాత్రం లెక్క మారవచ్చు. ఇంకొకటి, రోడ్డు మీద వచ్చే ఆంబులెన్సు ఆ ఫెడరల్ చట్టంలోకి రాదు. హెలికాప్టరైతే వస్తుంది. ఆరు వారాలకు మా చేతికి 1,400 డాలర్ల ఆంబులెన్సు బిల్లు వచ్చింది. ఇన్సూరెన్సువాళ్లతో నాలుగుసార్లు మాట్లాడితే కొంత తగ్గింది, మిగతాది కట్టాం. మనిషి లేచి తిరుగుతున్నాడు, అది చాలు.

పెద్ద జబ్బులూ అర్ధరాత్రి నొప్పులూ ఎప్పుడో గానీ రావు. రోజువారీ మందులు మాత్రం రోజూ కావాలి. దేశమంతా కొట్లున్న ఫార్మసీకి మందులచీటీలన్నీ మార్చేసుకున్నాం. ఏ ఊళ్లో దిగితే ఆ ఊరి కొట్లో తీసుకుంటాం. వీడియోలో డాక్టరుతో మాట్లాడాలన్నా మొదటి ప్రశ్న "ఇప్పుడు మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారు?" అనే. మనం కూర్చున్న రాష్ట్రంలో వైద్యం చేసే లైసెన్సు సాధారణంగా ఆ డాక్టరుకి ఉండాలి. అందుకే ఒకసారి అలబామా నుంచి గీత దాటి ఫ్లోరిడాలోకి వచ్చి, పెట్రోలు బంకు పక్కన బండి ఆపుకుని మాట్లాడాం.

నన్నడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. కార్డు దేశమంతా చెల్లుతుందా అని అడగండి, తప్పకుండా అడగండి. అంతకుముందు ఇంట్లోవాళ్లంతా కూర్చుని, నెలల తరబడి మంచాన పడితే ఎవరి దగ్గర ఉంటామో అనుకోండి. ఆ మనిషి ఉన్న ఊరి పిన్‌కోడ్‌తో మొదలుపెట్టండి. ఇది ఆర్వీలవాళ్లకే కాదు, ఆరునెలలు ఇక్కడా ఆరునెలలు అక్కడా ఉండే ప్రతి కుటుంబానికీ పనికొస్తుంది. మా బండిలో వంటగట్టు పైన అర తలుపు లోపలివైపు ఒక కవరు అతికించి ఉంటుంది. అందులో రెండు కార్డుల నకళ్లు, మందుల జాబితా, స్టెంటు వేసినప్పుడు ఆస్పత్రివాళ్లిచ్చిన చిన్న కార్డు, అమ్మాయి ఫోను నంబరు.

మార్చిలో మావారికి గుండె డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. అప్పటికి ఎక్కడున్నా బండి ఫ్లోరిడా దారి పడుతుంది. అమ్మాయి ఇప్పటికే ఫోనులో చెప్పింది, ఈసారి గోంగూర పచ్చడి రెండు సీసాలు కావాలట. ఒకటి తన రూమ్మేట్‌కి.